చెట్టు తెలిస్తేనే కల్లు రుచి తెలిసేది

ఇబ్రహీంపట్నం: కల్లు అంటే కల్లే కదా, అందులో రకాలేమిటని పట్నంవాసులు అనుకోవచ్చు. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో మండువ ఎరిగిన పెద్దలు మాత్రం ఆ మాట ఒప్పుకోరు. ఈతకల్లు వేరు, తాటికల్లు వేరు. తాటిలో మళ్లీ పోతాటి కల్లు వేరు, పండుతాటి కల్లు వేరు. పొద్దున దించినది వేరు, మాపు దించినది వేరు. రేకలో పోసింది ఒక గుక్క మింగి, అది ఏ గట్టు మీది చెట్టుదో, ఎవరి కత్తి గీసిందో చెప్పే పెద్దమనుషులు ఊరికి ఒకరిద్దరైనా ఉండేవారు. అటువంటి నాలుకలు ఇప్పుడు కరువవుతున్నాయి.

ఈ రుచి చూడడమే ఫ్రాన్సు దేశంలో పెద్ద విద్యగా సాగుతోంది. అక్కడ తెల్ల వైనుకు బర్గండీ ప్రాంతం పేరుమోసింది. షార్డొనే అనే ఒకే జాతి ద్రాక్ష అయినా షాబ్లీ ఊరి వైనుకూ, మెర్సో ఊరి వైనుకూ పోలిక ఉండదు. ఒకే తోటను పలువురు రైతులు కొన్ని కొన్ని వరుసల చొప్పున పంచుకుని ఉంటారు. తోట ఒకటే, ఎవరి వైను రుచి వారిదే. ఎండ బాగా కాసిన ఏడు పండులో తీపి ఎక్కువ, చల్లగా గడిచిన ఏడు పులుపు ఎక్కువ. అందుకే సీసా మీద ఊరి పేరు, తయారీదారు పేరు, పండు కోసిన సంవత్సరం అచ్చువేస్తారు.

పేరు చూసి మోసపోయే ప్రమాదం అక్కడా ఉంది. 1976 మే 24న పారిస్‌లో ఏ సీసా ఎవరిదో తెలియనీయకుండా గ్లాసుల్లో పోసి పోటీ పెట్టారు. రుచి చూసి మార్కులు వేసిన తొమ్మిది మందీ ఫ్రెంచివారే. తెల్ల వైన్లలో వారు మొదటి స్థానం ఇచ్చింది బర్గండీకి కాదు, అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి వచ్చిన షాటో మాంటెలీనా 1973 సీసాకు!

పూట లెక్కే గాని ఏడు లెక్క లేదు

మంచి తెల్ల వైను ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. కల్లుకు ఆ వీలు లేదు. చెట్టు నుంచి బొట్టు లొట్టిలో పడిన కాసేపటికే గాలిలోని, కుండలోని ఈస్టు పని మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లో తీపి కరిగి మత్తు చేరుతుంది. మరునాటికి పులిసి పచ్చిపులుపవుతుంది. చలిరాత్రుల్లో పులియడం నెమ్మదిస్తుంది గనుక చలికాలపు ఈతకల్లు పొద్దున్నే తియ్యగా ఉంటుంది. ఎండలు ముదిరితే తాటికల్లు ఎక్కి దించేలోగానే నురుగు కడుతుంది.

గీత కార్మికుని చెయ్యి కూడా రుచిలో ఒక భాగమే. గెలను పలుచగా గీస్తే ధార నిలుస్తుంది. మందంగా కోస్తే గెల పాడవుతుంది. లొట్టిని రోజూ కడిగి ఆరబెట్టకపోతే నిన్నటి మడ్డి నేటి కల్లును తొందరగా పులియబెడుతుంది. లోపల సున్నం పూసి దించితే పులియని నీరా అవుతుంది. రాష్ట్ర ప్రభుత్వం 2019లో నీరా విధానం ప్రకటించింది. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డున నీరా కేఫ్ తెరిచింది.

పేరు లేని సీసా

చెట్టు ఎరగని చోట కల్లు తాగడం ప్రాణాల మీదికి తెస్తోంది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. ఇంకా అనేకులు ఆసుపత్రుల పాలయ్యారు. నీళ్లలో నిద్రమాత్రల మందు ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేటు వంటివి కలిపి, తీపికి శాక్రిన్ వేసి అమ్మడం కల్తీదారుల పద్ధతి. దానికి అలవాటుపడ్డవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్సు, పిచ్చిచూపులు పట్టుకుంటాయి. అటువంటివారిని ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఈ మందులను నాలుక పట్టలేదు. అది ప్రయోగశాల పని. అయితే పొద్దున పోసింది మాపటికీ పులియక అదే తీపితో ఉంటే అనుమానించవలసిందే. అసలు కల్లు అలా నిలవదు.

చెట్టు నిలవడం కూడా కష్టంగానే ఉంది. పొలాలు ప్లాట్లయిన కొద్దీ గట్లు చదునవుతున్నాయి, గట్లతోపాటే తాళ్లు, ఈదులు పోతున్నాయి. తాడెక్కడం ప్రాణంతో చెలగాటమని గీతన్నల పిల్లలు వేరే పనులు చూసుకుంటున్నారు. జారిపడకుండా కాపాడే 'కాటమయ్య రక్షణ కవచం' కిట్ల పంపిణీని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2024 జూలై 14న ప్రారంభించింది ఈ ప్రాంతంలోనే, అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో. ఎక్కేవాడు బతికితేనే ఈ విద్య బతుకుతుంది.

తాగుడు మంచిదని ఎవరూ అనరు. తాగేవారు మాత్రం ఫ్రెంచివారు సీసా మీద వెతికేదాన్ని ఇక్కడ నోరు తెరిచి అడగాలి: ఏ చెట్టుది, ఎవరు గీశారు, ఎప్పుడు దించారు? చెట్టు చూపించలేనివాడి కల్లు ముట్టకపోవడమే క్షేమం.