జాంబీలొస్తే తలుపెవరు తీస్తారు?

సెలవులొస్తే చాలు, ఇంట్లో పిల్లల తగవులు మొదలు. ఒకప్పుడు క్యారమ్‌ బోర్డు దగ్గరా, అష్టాచెమ్మా దగ్గరా వచ్చే పేచీలు ఇప్పుడు వీడియో గేముల మీదకు మళ్లాయి. మిర్యాలగూడలో ఉండే మా చెల్లెలి కొడుక్కి అంతరిక్షం గేములంటే ప్రాణం. కోదాడలో ఉన్న మా ఆడపడుచు కూతురికేమో జాంబీలు ఉండి తీరాలి. ‘‘రాకెట్లూ గ్రహాలూ ఉన్న సైన్సు కథలోకి ఈ నడిచే శవాలెందుకు పెద్దమ్మా?’’ అని వాడు. ‘‘అవి లేకపోతే మజా ఏముందత్తా?’’ అని ఆ పిల్ల. వినగా వినగా నాకూ ఆసక్తి పుట్టింది. కథలు రాసే అలవాటున్నదాన్ని కదా!

జాంబీ అంటే మన దయ్యం కాదు. మన దయ్యానికి ఓ పేరుంటుంది, ఓ చింతచెట్టుంటుంది, తీరని కోరికో పగో ఉంటుంది. బతిమాలితే వింటుంది, లేదంటే వేపమండలకు లొంగుతుంది. జాంబీకి ఇవేవీ లేవు. నిన్నటిదాకా పక్కింట్లో ఉన్న మనిషే ఈవేళ మనల్ని గుర్తుపట్టడు. ఈ ఊహ హైతీ నుంచి ప్రపంచానికి తెలిసింది. ఫ్రెంచివాళ్ల చెరకు తోటల్లో ఆఫ్రికన్‌ బానిసలు గొడ్డుచాకిరీ చేసిన నేల అది. మంత్రగాడు చచ్చినవాణ్ని లేపి పనిలో పెట్టుకుంటాడని అక్కడి నమ్మకం. అంటే చచ్చినా చాకిరీ తప్పదన్నమాట. (ఆ భయం మనలో చాలామందికి చెప్పకుండానే అర్థమవుతుంది లెండి!) మనుషుల్ని పీక్కుతినడం మాత్రం 1968లో జార్జి రొమేరో తీసిన అమెరికా సినిమాతో అంటుకుంది.

సైన్సు కథల గేముల్లో ఈ ప్రయోగం ఎప్పుడో జరిగింది. 2001లో వచ్చిన ‘హేలో’లో చాలాసేపు గ్రహాంతరవాసులతో యుద్ధమే. ఉన్నట్టుండి ‘ఫ్లడ్‌’ అనే పరాన్నజీవి వచ్చిపడుతుంది. అది సోకిన మన సైనికులే మన మీదకు వస్తారు. అంతకుముందు విడిపించుకొచ్చిన కెప్టెన్‌ కూడా చివరికి అందులో కలిసిపోతాడు. 2008 నాటి ‘డెడ్‌ స్పేస్‌’లో హీరో అసలు సైనికుడే కాదు, పాడైన అంతరిక్ష నౌకను బాగుచేయడానికి వెళ్లిన ఇంజనీరు. అతని చేతిలో ఉండేవి చాలావరకు గనుల్లో వాడే పనిముట్లు. అదే ఏడాది ‘కాల్‌ ఆఫ్‌ డ్యూటీ’ అనే యుద్ధం గేములోనూ జాంబీలు చేరాయి. గుంపులు గుంపులుగా వస్తుంటాయి, కాలుస్తూ పోవడమే. నన్నడిగితే ఆ మూడోదానికంటే పిల్లలు క్యారమ్స్‌ ఆడుకోవడం మేలు.

మన తెలుగులోనూ ఓ ఉదాహరణ ఉంది. 2021 ఫిబ్రవరిలో ప్రశాంత్‌ వర్మ తీసిన ‘జాంబీ రెడ్డి’ వచ్చింది. అందులో తేజ సజ్జా వేసిన పాత్ర గేములు తయారుచేసే కుర్రాడే! గేములో వచ్చిన చిక్కు తీర్చే స్నేహితుణ్ని వెతుక్కుంటూ కర్నూలు వైపు పెళ్లికి వెళితే, అక్కడ ముఠా తగాదాలు, వాటి మధ్యలో జాంబీలు. అరువు తెచ్చుకున్న భూతాన్ని మన సీమ పెళ్లింట్లో దింపారు కాబట్టే అది మనదిగా అనిపించింది.

అందుకే సైన్సు గేము జాంబీల జోలికి పోవచ్చనే నా ఓటు. కాకపోతే కాల్చడం తగ్గించి, బతకడం పెంచాలి. బతకడమంటే ఏమిటో 2020లో మనం చూడలేదూ? మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్‌. లారీలూ బస్సులతో హోరెత్తే విజయవాడ రోడ్డు మూగబోయింది. ఏప్రిల్‌లో మా సూర్యాపేటలో కూరగాయల మార్కెట్‌ చుట్టూ కేసులు పెరిగాయి. అంతకుముందే మార్చి నెలాఖరులో, హైదరాబాద్‌ హాస్టళ్లు ఖాళీ చేయమంటే, అనుమతి కాగితాలు పట్టుకుని ఆంధ్రాకు బయల్దేరిన వందలమంది యువతీ యువకులు కోదాడ దాటాక సరిహద్దులో, గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. ఇటువాళ్లకు ఇంటికి చేరాలని, అటువాళ్లకు జబ్బు ఊళ్లోకి రాకూడదని. ఎవరిది తప్పందాం చెప్పండి? అక్కడ ఒక్క జాంబీ లేదు. అయినా జాంబీ కథలో ఉండాల్సిందంతా ఉంది.

మా వాళ్లిద్దరికీ నేనొక గేము అల్లి చెప్పాను. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో వడ్ల బస్తాలు దండిగా ఉంటాయి, కరెంటు ఉండదు. రోలూ రోకలీ ఎక్కడున్నాయో, దంచడం ఎవరికొచ్చో వెతకాలి. అక్కడ తుపాకీ పట్టినవాడికంటే డెబ్భై ఏళ్ల ముసలమ్మకు విలువెక్కువ. సాగర్‌ ఎడమ కాల్వ నీళ్లు కాచుకోవాలంటే కట్టెలు కావాలి. కట్టెలు ముట్టిస్తే పొగ, పొగ లేస్తే ఎక్కడున్నామో తెలిసిపోతుంది. బీపీ మాత్రలు పదే ఉన్నాయి, వేసుకోవాల్సినవాళ్లు ముగ్గురు. మావాడు ఫోను పక్కన పెట్టి ‘‘ఇందులో జాంబీలెప్పుడొస్తాయి పెద్దమ్మా?’’ అన్నాడు. ‘‘వస్తాయిలే, ముందు బియ్యం లెక్క చూడు’’ అన్నాను.

ఇంకో సంగతి. ‘డెడ్‌ స్పేస్‌’, ‘ద లాస్ట్‌ ఆఫ్‌ అస్‌’ లాంటివాటికి అమెరికాలో పదిహేడేళ్లు నిండినవారికే అన్న ముద్ర ఉంటుంది. పిల్లలు చెప్పరు కాబట్టి కొనేముందు అట్ట మీద మనమే చూసుకోవాలి.

నా గేములో ఆఖరి మెట్టు కోదాడ గేటు దగ్గర. తాళం ఆడేవాళ్ల చేతిలోనే ఉంటుంది. అవతల చంకలో బిడ్డతో ఒకామె. దగ్గుతోంది. అది జబ్బు దగ్గో, దారి దుమ్ముకొచ్చిన దగ్గో గేము చెప్పదు. మా ఆడపడుచు కూతురు గేటు తీసింది. చెల్లెలి కొడుకు తియ్యలేదు. రాత్రి పదకొండయినా ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు.