పాము విషం – సూక్ష్మజీవుల పట్టు

వానాకాలంలో నెల్లిమర్ల చుట్టుపట్ల వరిచేలలో దిగే రైతుకు, కూలికి రక్తపింజరి క్రొత్త కాదు. ఈ పామును శాస్త్రలోకానికి పరిచయం చేసినది కూడ మన తీరమే. 18వ శతాబ్దం చివర విశాఖపట్నంలో నివసించిన పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు ఇక్కడి పాములను సేకరించి, వాటి కాటును కోళ్ళమీద, కుక్కలమీద పరీక్షించి, 1796లో పెద్ద గ్రంథం ప్రకటించాడు. అందులో ఆయన దీనికి వ్రాసిన పేరు మన తెలుగు పేరే: కాటుక రేకుల పొడ. వీపుమీది నల్లని మచ్చల వరుసలను చూచినవారికి ఆ పేరు ఎంత తగినదో తెలుస్తుంది. తరువాతి శాస్త్రజ్ఞులు మాత్రం పామునకు రసెల్ పేరే స్థిరపరచారు.

ఈ పాము కరచిన కాలు వాచి, పొక్కులెత్తి, ఒక్కొక్కప్పుడు చీముపడుతుంది. అయితే ఇదే విషం గాజుపళ్ళెంలో బాక్టీరియాను చంపుతుంది. ఈ వైరుధ్యం ఎట్లా కుదురుతుందో చూద్దాం.

శరీరంలో ప్రవేశించినంత మాత్రాన సూక్ష్మజీవి రోగం కలిగించలేదు. కన్నీరు, మూత్రం, చీమిడి దానిని కడిగివేస్తూనే ఉంటాయి. నిలద్రొక్కుకోవాలంటే అది కణానికి అంటుకోవాలి. గట్టుమీద నడిచేవాని పంచె అంచును ఉత్తరేణి గింజలు పట్టుకొన్నట్లు పట్టుకోవాలి. పుండ్లను చీముపట్టించే స్టఫిలోకాకస్ ఆరియస్ ఇందుకు ఒక మధ్యవర్తిని ఆశ్రయిస్తుంది. మన నెత్తుటిలోను, కణాల నడుమను ఉండే ఫైబ్రోనెక్టిన్ అనే మాంసకృత్తును అది తన ఒంటికి తగిలించుకొంటుంది. మన కణంమీద ఇంటెగ్రిన్ అనే మాంసకృత్తులు చేతులవలె బయటికి చాచుకొని ఉంటాయి. అవి ఫైబ్రోనెక్టిన్‌ను మిత్రునిగా గుర్తించి పట్టుకొంటాయి. దానితోపాటు శత్రువును కూడ లోపలికి లాగుకొంటాయి! ఆ గుర్తు చాల చిన్నది. ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం వరుసగా ఉంటే చాలునని 1984లో తేలింది.

పింజరి జాతుల విషాలలో కొన్నింటియందు ఇదే గుర్తు ధరించిన చిన్న మాంసకృత్తులున్నవి. పొలుసులు రాచి గరగర చప్పుడు చేసే చిన్న పింజరి విషంలోని ఎకిస్టాటిన్‌లో 49 అమైనో ఆమ్లాలు మాత్రమే ఉంటాయి. అది ఇంటెగ్రిన్ చేతిని ముందే ఆక్రమిస్తే ఫైబ్రోనెక్టిన్‌కు చోటుండదు. ఇంటెగ్రిన్‌ను ప్రతిరక్షకాలతో కప్పివేసిన ప్రయోగాలలో స్టఫిలోకాకస్ కణాలలోనికి పోవడం బాగా తగ్గింది. విషపు మాంసకృత్తులమీద ఆశ ఇందువల్లనే. చంపకుండా పట్టు తప్పించే మందుకు బాక్టీరియా అంత త్వరగా అలవాటుపడవేమోనని కూడ ఒక ఊహ ఉన్నది.

విషంలో సూటిగా చంపేవి వేరు. ఫాస్ఫోలిపేజ్ బాక్టీరియా పొరలోని క్రొవ్వును కోస్తుంది. అమైనో ఆమ్లాలను ఆక్సీకరించే మరొక ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. పచ్చని విషాలకు ఆ రంగు దీనివల్లనే.

మరి పుండు చీముపట్టడం ఎందుకు? విషం మన మాంసాన్ని కూడ కరగిస్తుంది. చచ్చిన మాంసానికి నెత్తురు అందదు, తెల్లకణాలు చేరలేవు. కణాల నడుమ దాగి ఉన్న ఫైబ్రోనెక్టిన్ బయటపడుతుంది. పాము నోటినుండి, మన చర్మంనుండి వచ్చిన బాక్టీరియాకు ఇంతకంటె అనువైన చోటు ఏముంటుంది? దానికి తోడు కాటును బ్లేడుతో కోసి, ఆకుపసరో పేడో పూస్తే మరికొన్ని బాక్టీరియాను మనమే చేర్చినట్లు. విషాన్ని విరిచే మందు నెత్తుటిలోని విషాన్ని అడ్డుకొంటుంది గాని చచ్చిన మాంసాన్ని బ్రతికించలేదు. కనుక ఆలస్యం పనికిరాదు. నెల్లిమర్లలో నేడు వైద్యకళాశాలే ఉన్నది. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటువల్ల ఏటా సగటున 58 వేలమంది మరణించినట్లు అంచనా. చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో మనదీ ఒకటి.

ఎకిస్టాటిన్‌ను మందుగా వాడడంలో పెద్ద చిక్కున్నది. నెత్తురు గడ్డకట్టడానికి పలకకణాలు ఒకదానినొకటి పట్టుకొనేది కూడ ఇంటెగ్రిన్‌తోనే. ఆ పట్టు తప్పితే రక్తస్రావమే. హృద్రోగ వైద్యులు ఈ దోషాన్నే గుణంగా మార్చుకొన్నారు: ఎకిస్టాటిన్ నమూనామీద తయారైన టైరోఫిబాన్‌కు 1998లో అమెరికాలో అనుమతి లభించింది. సూక్ష్మజీవులమీద అటువంటి మందు ఇంకా రాలేదు. వాటికి పట్టుకొమ్మలు ఒకటి కాదు. మూత్రకోశాన్ని బాధించే ఎషరీషియా కోలై తన సన్నని కేశాలతో పట్టుకొనేది ఇంటెగ్రిన్‌ను మాత్రమే కాదు, కణంమీది మానోజ్ అనే చక్కెరను కూడ. ఆ పట్టును ఎకిస్టాటిన్ విడిపించలేదు.