మన వీధి హలాల్ హోటలు, మన దాతల డబ్బు

నరసాపురం వెళ్ళి రైలెక్కే మొగల్తూరు ప్రయాణికులు, భీమవరం కాలేజీలకు పొద్దున్నే బస్సెక్కే పిల్లలు, ఆసుపత్రిలో మనిషిని చేర్చి బయట బల్ల మీద కూర్చునే బంధువులు, ఆదివారం పేరుపాలెం బీచ్ చూడ్డానికి పిల్లాపాపలతో వచ్చేవాళ్ళు... వీళ్ళంతా మధ్యాహ్నమయ్యేసరికి అడిగేది ఒకటే: "ఇక్కడ దగ్గర్లో మన హోటలేదైనా ఉందా?"

మన హోటలంటే పెద్దదేం కాదు. నాలుగైదు బల్లలు, స్టీలు గ్లాసులు, గుమ్మం మీద 786, లోపల పొయ్యి మీద ఒక డేగిశా. పలావు, దాల్చా, ఒక కూర, ఉల్లిపాయ ముక్కలు. జుమా రోజున నమాజు కాగానే కూర్చోవడానికి చోటుండదు. రోజుకూలీకీ, సంచీతో ఊళ్ళు తిరిగే వ్యాపారికీ అందుబాటు ధరలో కడుపు నిండేది అక్కడే.

ఇలాంటి హోటళ్ళ ద్వారా పేదలకు భోజనం పెట్టించవచ్చు కదా అని కొందరు దాతలు సూచించారు. వెంటనే మరికొందరు అడిగారు: బోర్డు మీద హలాల్ అని రాసుకుంటే సరిపోతుందా? మేమిచ్చే జకాత్ అలా చెల్లుతుందా? రెండూ అడగవలసిన ప్రశ్నలే.

మొదటిది చూద్దాం. దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరాలోని మూడవ ఆయతు నిషిద్ధమైనవేవో చెప్పింది: చచ్చిన జంతువు, రక్తం, పందిమాంసం, అల్లాహ్ పేరు కాక మరో పేరు మీద కోసినది, ఊపిరాడకనో దెబ్బ తగిలో ఎత్తు నుంచి పడో చచ్చినది. ధర్మసమ్మతమైన జంతువునైనా ప్రాణంతో ఉండగానే, అల్లాహ్ పేరు పలికి, పదునైన కత్తితో జిబహ్ చేయాలి. శ్వాసనాళం, ఆహారనాళం, మెడకు రెండు వైపులా ఉండే రక్తనాళాలు, ఈ నాలుగూ తెగడం ఉత్తమం. కనీసం మూడు తెగాలని హనఫీ ఉలమాలు చెబుతారు. రక్తం పూర్తిగా కారిపోవాలి. ప్రాణం పోకముందే తోలు తీయకూడదు. కత్తికి ముందే పదును పెట్టుకోవాలి, జంతువుకు బాధ తగ్గించాలి అన్నది ప్రవక్త (స) ఆదేశం. మనం తరచు మరిచిపోయే భాగం ఇదే.

వేట మాంసం విషయంలో మనకు చిక్కు తక్కువ. తెలుగు పల్లెల్లో చాలాచోట్ల వేట కోసేది మనవాళ్ళే. హిందూ సోదరులు కూడా తమ ఇళ్ళలో శుభకార్యాలకు సాయిబు గారిని పిలిచి కోయించుకోవడం పాత అలవాటు. అసలు జాగ్రత్త కోడి దగ్గర కావాలి. ఆదివారం చికెన్ దుకాణం ముందు నిలబడితే సంగతి తెలుస్తుంది. ఒకడు కోసి డ్రమ్ములో వేస్తుంటాడు, ఇంకొకడు తీస్తుంటాడు. ఆ తొందరలో ప్రతి కోడికీ బిస్మిల్లాహి అల్లాహు అక్బర్ అంటున్నాడా? డ్రమ్ములో కొట్టుకోవడం ఆగకముందే వేడినీళ్ళలో ముంచేస్తున్నాడా? ఎండాకాలంలో బండి మీద వస్తూ దారిలోనే చచ్చిన కోళ్ళు ఉంటాయి. అవి చవగ్గా చేతులు మారితే మాత్రం హోటల్లో ఎన్ని మసాలాలు వేసినా హలాల్ కావు, ఆరోగ్యానికీ మంచివి కావు. ధర తక్కువగా ఉండటం తప్పు కాదు. పక్క హోటలు వాళ్ళకు గిట్టుబాటు కాని ధరకు ఒక్కచోటే ఎలా వస్తోందో అడగడమూ తప్పు కాదు.

కాబట్టి బోర్డు చూడటం కంటే అడగడం మేలు. కోడి ఏ దుకాణం నుంచి వస్తుంది? ఎవరు కోస్తారు? మిగిలిన కూర ఏం చేస్తారు? అడిగితే ముఖం చిట్లించే యజమాని కంటే, దుకాణం పేరు చెప్పి "మీరే వెళ్ళి చూసుకోండి భాయ్" అనే యజమాని నయం. ఆహార భద్రతా చట్టం కింద చేయించుకున్న రిజిస్ట్రేషన్ కాగితం కూడా గోడ మీద ఉండాలి. అది హలాల్‌కు సాక్ష్యం కాదు. కానీ శుభ్రం కూడా మన ధర్మంలో భాగమే కదా.

హలాల్ సర్టిఫికెట్ మాటేమిటని చదువుకున్న పిల్లలు అడుగుతున్నారు. ఆ ముద్రలు ఎక్కువగా ప్యాకెట్లలో అమ్మే వస్తువులకూ, విదేశాలకు పంపే మాంసానికీ. 2023 నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ సర్టిఫికెట్ ఉన్న వస్తువుల అమ్మకాన్ని తమ రాష్ట్రంలో నిషేధించినప్పుడు, ఇక్కడ కూడా కొందరు మన హోటళ్ళు మూసేస్తారేమోనని కంగారుపడ్డారు. అది ముద్రల గురించిన వివాదం. మన వీధి హోటలుకు ముద్ర ఎప్పుడూ లేదు. కోసిన మనిషి మాట మీదే అది నడిచింది.

డెల్టాలో ఉన్నాం కనుక చేపలు, రొయ్యల మాట కూడా చెప్పుకోవాలి. చేపకు జిబహ్ అక్కర్లేదు, పట్టిన మనిషి ఎవరైనా సరే. దానంతట అదే నీటిలో చచ్చి పైకి తేలినది మాత్రం హనఫీలు తినరు. పీత కూడా తినరు. రొయ్యల విషయంలో ఉలమాల్లో భేదముంది. రొయ్య చేపజాతిలోదే అనుకున్నవారు తినవచ్చన్నారు, కాదనుకున్నవారు మానుకోమన్నారు. షాఫయీలకు ఈ ఇబ్బంది లేదు. చుట్టూ రొయ్యల చెరువులే ఉన్నచోట మన ఇళ్ళలోనే ఒకరు తింటారు, ఒకరు తినరు. దీని మీద భోజనాల బల్ల దగ్గర వాదన పెట్టుకోవద్దని మా మనవి. మన హోటలే కనిపించకపోతే శాకాహార భోజన హోటల్లో పప్పు, సాంబారుతో తినడానికి ఏ అడ్డూ లేదు. బోర్డు కనిపించలేదని పిల్లలు సాయంత్రం దాకా బిస్కెట్ల మీద ఉండటం మాకు బాధగా ఉంటుంది.

ఇక దాతల రెండో ప్రశ్న. ఇక్కడ నాలుగు రకాల డబ్బును కలపకూడదు.

జకాత్‌ను హక్కుదారుడి చేతికిచ్చి అతని సొంతం చేయాలి. హనఫీ ఫిఖహ్‌లో దీన్ని తమ్‌లీక్ అంటారు. హోటల్లో కూర్చోబెట్టి వడ్డిస్తే అతను తినగలడే గాని ఆ భోజనానికి యజమాని కాడు. అందుకని బల్ల దగ్గర పెట్టే భోజనంతో జకాత్ చెల్లదు. పొట్లం కట్టించి చేతికిస్తే, అతను తిన్నా, ఇంటికి తీసుకెళ్ళి పిల్లలకు పెట్టినా అతని ఇష్టమైతే, అప్పుడు చెల్లుతుంది. డబ్బే చేతికివ్వడం ఇంకా తేలిక.

ఫిద్యా, కఫ్ఫారాలకు మాత్రం కూర్చోబెట్టి కడుపునిండా పెట్టినా సరిపోతుంది. వృద్ధాప్యం వల్లనో, నయం కాని జబ్బు వల్లనో రోజాలు ఉండలేనివారు ఒక్కో రోజాకు ఒక పేదకు రెండు పూటలు పెట్టాలి. ముప్పై రోజాలకు 60 భోజనాలు. ప్రమాణం తప్పినవారి కఫ్ఫారా పదిమందికి రెండేసి పూటలు, అంటే 20 భోజనాలు. పొద్దున తిన్న పదిమందే రెండో పూటా తినాలి. పూర్తి భోజనం తినలేని చిన్నపిల్లలు ఈ లెక్కలోకి రారు. దాతలు ఎక్కువగా పొరపడేది ఈ రెండు చోట్లే. కోలుకునే అవకాశమున్న రోగి ఫిద్యా ఇచ్చి ఊరుకోకూడదు, తర్వాత రోజాలు ఉండాలి.

సదఖాకు ఇన్ని షరతులు లేవు. ఏ మతం వారికైనా, ఏ పూటైనా పెట్టవచ్చు. ఆసుపత్రి దగ్గర ఆకలితో ఉన్నవారి కులమతాలు అడిగే పని మనకు లేదు.

అందుకే హోటలు టోకెన్లకు సదఖా, ఫిద్యా, కఫ్ఫారా డబ్బును మాత్రమే వాడి, ఒక్కోదానికి విడి ఖాతా పెట్టి, జకాత్‌ను నేరుగా చేతికివ్వాలని మా ఆలోచన. రంజాన్‌లో ఒకరోజు పెద్ద డేగిశాలు దించడానికి దాతలు ముందుకు వస్తారు, అల్లాహ్ వారికి ప్రతిఫలమిచ్చుగాక. అయితే సఫర్ నెలలో మంగళవారం మధ్యాహ్నం కూడా ఆకలేస్తుంది. ఆ రోజుల కోసం నెలకింత అని ఇచ్చేవారు కావాలి.

టోకెన్ మీద దాత పేరు, సంఘం పేరు అచ్చు వేయిద్దామని కొందరన్నారు. మేము వద్దనే అంటున్నాం. డబ్బు కట్టినవారికి హోటలు ఇచ్చే చీటీ ఏ రంగుదైతే ఇదీ అదే రంగుది ఉండాలి. కాలేజీ కుర్రాడు దాన్ని బల్ల మీద పెట్టినప్పుడు, పక్కన తింటున్నవారికి అది ఎవరు కొన్నదో తెలియనక్కర్లేదు.