నెలలు నిండని శిశువు గుండెకు కోతా? క్యాథెటరా?

ఏడో నెలలోనే పుట్టిన కిలో బరువు శిశువు. ఊపిరికి వెంటిలేటర్ ఆసరా. వారాలు గడిచినా దాన్ని తీయలేని పరిస్థితి. ‘గుండె దగ్గరి నాళం మూసుకోలేదు’ అని వైద్యులు చెప్పగానే తల్లిదండ్రులకు కాళ్ల కింద నేల కదిలినట్లవుతుంది. ఛాతీ కోసి మూయించాలా, తొడ నుంచి సన్నని గొట్టం పంపి మూయించాలా అన్నది వెంటనే తేల్చుకోవలసి వస్తుంది.

ఏమిటీ నాళం?

గర్భంలో ఉన్నప్పుడు శిశువు ఊపిరితిత్తులకు శ్వాస పని ఉండదు. అందుకే అక్కడికి వెళ్లవలసిన రక్తంలో అధికభాగం ఒక చిన్న నాళం గుండా నేరుగా బృహద్ధమనిలోకి మళ్లుతుంది. నెలలు నిండి పుట్టిన వారిలో ఈ నాళం సాధారణంగా రెండు మూడు రోజుల్లో మూసుకుంటుంది. మూసుకోకపోతే దానిని పీడీఏ అంటారు. 28 వారాలలోపు జన్మించిన వారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. అప్పుడు రక్తం ఎదురు మళ్లి ఊపిరితిత్తులను ముంచెత్తుతుంది. పేగులకు, మూత్రపిండాలకు అందవలసిన రక్తం తగ్గుతుంది.

అందరికీ అవసరమా?

చాలామందిలో ఎదుగుదలతో పాటు నాళం దానంతటదే మూసుకుంటుంది. కొందరికి ఐబూప్రొఫెన్, ఇండోమెథాసిన్, పారాసిటమాల్ వంటి మందులు వాడతారు. అయితే తొందరపడి మందులిచ్చినంత మాత్రాన మరణాలు గానీ, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు గానీ తగ్గలేదని 2024లో వెలువడిన బ్రిటన్ పరిశోధన తేల్చింది. మందులు పనిచేయక, శిశువు కోలుకోనప్పుడే మూసివేత ప్రస్తావన వస్తుంది.

శస్త్రచికిత్స

1938లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ రాబర్ట్ గ్రాస్ ఏడేళ్ల బాలికకు ఈ నాళాన్ని ముడివేసి మూశారు. నేడు ఎడమ పక్కటెముకల మధ్య కోసి, ముడితో గానీ క్లిప్పుతో గానీ మూస్తారు. శిశువును కదల్చకుండా వార్డులోనే చేయగలగడం దీని మేలు. ఆపరేషన్ తర్వాత తొలి గంటల్లో రక్తపోటు పడిపోవచ్చు. పక్కనే ఉండే స్వరనాడి దెబ్బతింటే ఏడుపు బలహీనపడుతుంది, పాలు మింగడం కష్టమవుతుంది.

క్యాథెటర్

తొడ సిర గుండా సన్నని గొట్టం పంపి, బఠాణీ గింజ కన్నా చిన్నదైన లోహపు జాలీ బిరడాను నాళంలో అమరుస్తారు. 700 గ్రాములు, ఆపై బరువుండి, పుట్టి కనీసం మూడు రోజులైన శిశువుల కోసం ‘ఆంప్లాట్జర్ పికోలో’ అనే ఇలాంటి పరికరానికి 2019 జనవరిలో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. ఛాతీపై కోత ఉండదు. పలువురు త్వరగా కోలుకుంటారు. అయితే బిరడా జారిపోవడం, పక్క ధమనులు ఇరుకవడం, గుండె కవాటం దెబ్బతినడం వంటి ప్రమాదాలు లేకపోలేదు. శిశువును క్యాథ్ ల్యాబ్‌కు తరలించేటప్పుడు ఒళ్లు చల్లబడకుండా చూడాలి.

ఏది మేలు?

రెండింటి పోలిక ఎక్కువగా ఆస్పత్రుల పాత రికార్డుల ఆధారంగానే సాగింది. కాస్త నిలదొక్కుకున్న శిశువులు క్యాథెటర్‌కు, బాగా నీరసించిన వారు శస్త్రచికిత్సకు వెళ్లి ఉండవచ్చు. కనుక ఆ అంకెలను చూసి ఒకదాన్ని తీసిపారేయడం తగదు. శిశువు బరువు, నాళం ఆకారం, వైద్య బృందం అనుభవం చూసి నిర్ణయించవలసి ఉంటుంది.

తల్లిదండ్రులు సంతకం చేసే ముందు నాలుగు మాటలు అడగాలి. ఇప్పుడే మూయాలా, ఆగవచ్చా? ఇంత తక్కువ బరువు శిశువులకు ఇక్కడ ఎందరికి చేశారు? వేరే ఊరికి తరలిస్తే దారిలో శ్వాసకు, వెచ్చదనానికి ఏర్పాట్లేమిటి? ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందా? ఈ నాలుగింటికీ స్పష్టమైన జవాబు రాబట్టుకోవడం వారి హక్కు.