గుప్పెట్లో బొమ్మ... గోళ్లకు రక్ష!

ప్రశ్నపత్రం అందుకోగానే కొందరు పిల్లల వేళ్లు నోట్లోకెళ్లిపోతాయి. తిట్టినా, వేపనూనె రాసినా మానరు. కొరుకుతున్న సంగతి చాలాసార్లు వాళ్లకే తెలియదు మరి! చెయ్యి నోటివైపు కదలగానే గుప్పెట బిగించడమో, ఏదైనా వస్తువు పట్టుకోవడమో చేయాలని అమెరికా మానసిక నిపుణులు నాథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ 1973లోనే చెప్పారు. ఫిడ్జెట్ బొమ్మలు పనికొచ్చేది అక్కడే. అయితే 2017లో పిల్లల్ని ఊపేసిన స్పిన్నర్ జోలికి వెళ్లకపోవడమే మేలు. అది చేతితోపాటు చూపునీ లాగేసుకుంటుంది. చూడకుండా, చప్పుడు కాకుండా పిసకగలిగే మెత్తటి బంతి నయం. గోటి అంచులు గిల్లే అలవాటుంటే వేలికి తిప్పుకునే గరుకు ఉంగరం బాగుంటుంది. ఏదైనా సరే జేబులో పట్టాలి. బ్యాగులోంచి తీసేలోపు గోరు కాస్తా తెగిపోతుంది! కాస్త పెద్ద పిల్లలకైతే కొనే పనీ లేదు, జేబులో నాలుగు చింతగింజలు చాలు. గోరుచుట్టు లేచిందంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించండి.