బోయిన్‌పల్లి మార్కెట్‌లో కుళ్లిన టమాటాతో కరెంటు! ఎలా?

సికింద్రాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ తెలుసు కదా? అక్కడ రోజుకి సుమారు 10 టన్నుల చెత్త పోగవుతుంది. మెత్తబడిన టమాటాలు, క్యాబేజీ ఆకులు, అన్నీ. వాటి నుంచి రోజుకి 500 యూనిట్ల దాకా కరెంటు తీసేలా మార్కెట్‌లోనే ఒక చిన్న ప్లాంటు పెట్టారు. 2021 జనవరి ‘మన్ కీ బాత్’లో ప్రధాని మోదీ కూడా దీని గురించి చెప్పారు.

చెత్తని కాలుస్తారేమో అనుకోకండి. తడి చెత్త ఎక్కడ మండుతుంది! దాన్ని ముక్కలు చేసి, మెత్తగా రుబ్బి, గాలి చొరబడని ట్యాంకులోకి పంపిస్తారు. మన గోబర్ గ్యాస్ లాంటిదే అనుకోండి. లోపల బ్యాక్టీరియా దాన్ని తిని మీథేన్ ఉన్న గ్యాస్ వదులుతుంది. ఆ గ్యాస్‌తో ఇంజిన్, ఇంజిన్‌తో జనరేటర్ తిరుగుతాయి. కొంత గ్యాస్ క్యాంటీన్ పొయ్యికి. ఈ టెక్నాలజీ మన తార్నాక ఐఐసీటీ వాళ్లదే.

‘10 టన్నులకి 500 యూనిట్లేనా?’ నాకూ మొదట అదే డౌట్ వచ్చింది. ఇంటికి రోజుకి 5 యూనిట్లు అనుకుంటే 100 ఇళ్లకే సరిపోతుంది. కానీ టమాటాలో 90 శాతం పైనే నీళ్లు. నీళ్ల నుంచి గ్యాస్ రాదుగా!

నిజానికి నా దృష్టిలో అసలు లాభం కరెంటు కాదు. ఇదే చెత్త డంపింగ్ యార్డులో కుప్పగా పడి కుళ్లినా మీథేన్ వస్తుంది. అక్కడ అది నేరుగా గాలిలో కలిసి, భూమిని కార్బన్ డయాక్సైడ్ కంటే చాలా ఎక్కువ వేడెక్కిస్తుంది.

ఒక్క చిక్కు, ప్లాస్టిక్ కవర్లు. బ్యాక్టీరియా వాటిని తినదు, పైగా అవి మెషిన్‌కి చుట్టుకుంటాయి. అందుకే ముందు మనుషులు చేత్తో ఏరాల్సిందే.