టిబెట్టు స్వేచ్ఛయు, బౌద్ధుల ధర్మమును



మార్గశిరము ప్రవేశించి చలిగాలులు వీచునప్పటికి మన పట్టణములలో బాటప్రక్కల నున్నిదుస్తులమ్మువారు పందిళ్లు వేసికొని కూర్చుండుట మీలో ననేకులు చూచియే యుందురు. మనవారు వారిని నేపాళీయులనియో చీనావారనియో పిలుచుచుందురు. వారు నేపాళీయులును గారు, చీనావారును గారు. వారు టిబెట్టు దేశస్థులు. పుట్టిన దేశమును విడిచి మనదేశమున తలదాచుకొన్నవారును, వారి బిడ్డలును, మనుమలును.

కొన్ని యేండ్ల క్రిందట గుంటూరిలో నట్టి యొక యంగడిలో నేనొక శాలువను బేరమాడుచుంటిని. అంగడిలోని వృద్ధురాలు వచ్చీరాని తెలుగుతో మాయూరేదని యడిగెను. అమరావతికి నాలుగు క్రోసుల దూరమని చెప్పితిని. ఆమె చేతిలోని శాలువను ప్రక్కనుంచి రెండు చేతులును మోడ్చి, “ద్రేపుంగ్, ద్రేపుంగ్” అని రెండుమారులు పలికెను. నాకర్థము గాలేదు. ప్రక్కనున్న మనుమడు నవ్వి, “తాతగారూ, మాభాషలో ద్రేపుంగ్ అనగా వడ్లకుప్ప. మీ ధాన్యకటకమునకు మావారి పేరు. అమ్మకములు ముగియగానే మేమందఱమును అచ్చటికి పోయి ప్రదక్షిణము చేసికొందుము” అని చెప్పెను.

బుద్ధభగవానుడు ధాన్యకటకమున కాలచక్రతంత్రము నుపదేశించెనని టిబెట్టువారి సంప్రదాయము. ఆ పుణ్యస్థలము పేరనే వారు 1416లో లాసా నగరమునకు సమీపమున ద్రేపుంగ్ మహావిహారమును నెలకొల్పిరి. ఆ సంప్రదాయమును బట్టియే దలైలామా వారు 2006 జనవరిలో అమరావతికి వచ్చి కాలచక్రదీక్ష నొసగిరి. ముప్పది యేండ్లు బడిలో చరిత్రపాఠము చెప్పిన నాకు, మాయూరి ప్రక్కనున్న స్తూపపుదిబ్బ యొక వృద్ధురాలి ప్రార్థనలో నింతగా నిలిచియున్నదని యానాటివఱకు తెలియదు. సిగ్గుపడితిని. ఆ సిగ్గే నేటి యీ ప్రసంగమునకు మూలము.

మానవుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో పుట్టునని మన పెద్దలు చెప్పిరి. వీనిలో ఋషిఋణము చదువుటచేతను, చదివించుటచేతను గాని తీఱదు. టిబెట్టువారు భారతదేశమునకు పడిన ఋషిఋణమును తీర్చుకొన్న విధమును ముందుగా మనవి చేసెదను.

7వ శతాబ్దిలో సోంగ్త్సెన్ గంపో యను రాజు కాలమున టిబెట్టుభాషకు లిపి యేర్పడెను. అది భారతీయ లిపుల ననుసరించి కూర్పబడినది. 8వ శతాబ్దిలో త్రిసోంగ్ దెచెన్ రాజు నలందా పండితుడగు శాంతరక్షితుని పిలిపించి, సామ్యే యనుచోట విహారమును కట్టించెను. 1042లో విక్రమశిలాచార్యుడగు అతీశ దీపంకర శ్రీజ్ఞానుడు అఱువది యేండ్ల వయస్సున హిమాలయములను దాటిపోయి, 1054లో నచ్చటనే దేహము చాలించెను. మన పండితులును వారి పండితులును ప్రక్కప్రక్కను కూర్చుండి, ఒక్కొక్క సంస్కృతపదమునకు సరియైన టిబెట్టుపదమును నిర్ణయించుకొని, తరతరములు గ్రంథముల ననువదించిరి. బుద్ధవచనముల సంపుటికి కంగ్యూర్ అనియు, ఆచార్యుల శాస్త్రముల సంపుటికి తెంగ్యూర్ అనియు పేళ్లు. రెండును గలసి సుమారు మూడువందల సంపుటములు.

కాలాంతరమున నలందా విక్రమశిలలు పాడుపడెను. అచ్చటి తాళపత్రములు నశించెను. ఆచార్య నాగార్జునుడు శాతవాహనరాజునకు వ్రాసినదని ప్రసిద్ధి గన్న సుహృల్లేఖ యొక్క సంస్కృతమూలము నేడు మనకు లేదు. మన రాజునకు వచ్చిన యుత్తరమును మనము పోగొట్టుకొంటిమి. టిబెట్టువారును చీనావారును తమతమ యనువాదములలో దానిని దాచియుంచిరి. రాహుల సాంకృత్యాయన పండితుడు 1929 మొదలు 1938 వఱకు నాలుగుమారులు టిబెట్టునకు పోయి, ధర్మకీర్తి రచించిన ప్రమాణవార్తికము మొదలగు సంస్కృతగ్రంథముల ప్రతులను అచ్చటి మఠములలో గనుగొనెను.

ఇల్లు కాలినవాని దస్తావేజులను పొరుగువాడు తన పెట్టెలో భద్రపఱచి యుంచెననుకొందము. ఆ పొరుగువాని యిల్లే కాలునప్పుడు మనమేమి చేయవలెను? పంచాయతీలలో తీర్పు చెప్పిన మీకు నేను వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక ఆ యిల్లు కాలిన కథ. 1912లో టిబెట్టునుండి మంచూసేనలు వెడలగొట్టబడెను. 1913లో 13వ దలైలామా తమ దేశము స్వతంత్రమని ప్రకటించెను. అటుపిమ్మట 1950 వఱకు ఆ దేశము తన పాలన తానే చేసికొనెను. 1950 అక్టోబరులో చీనాసైన్యము తూర్పుసరిహద్దు దాటి చామ్దో పట్టణమును పట్టుకొనెను. 1951 మే 23న పెకింగు నగరమున 17 షరతులు గల యొడంబడిక వ్రాయబడెను. టిబెట్టు మతమునకు గాని, దలైలామా పదవికి గాని, పాలనపద్ధతికి గాని మార్పు కలుగదని దానిలో నుండెను. ఆ మాట నిలువలేదు. 1959 మార్చి 10న లాసా ప్రజలు తిరుగబడిరి. ఆ నెల 17వ తేదీ రాత్రి దలైలామా వారు మాఱువేషమున రాజధానిని విడిచి, 31న భారతభూమిపై నడుగిడిరి. వారి వెంటను, తరువాతను సుమారు 80,000 మంది మంచుకొండలు దాటి వచ్చిరి. 1966లో నారంభమైన సాంస్కృతిక విప్లవము ముగియునప్పటికి టిబెట్టులోని మఠములలో మిగుల కొలదియే నిలిచెను. గండెన్ మహావిహారము మొండిగోడలుగా మిగిలెను.

టిబెట్టు ప్రాచీనకాలమునుండి తన దేశభాగమేయని చీనాప్రభుత్వము వాదించును. భూస్వాముల దాస్యమునుండి పేదలను విడిపించితిమనియు, బాటలు వేసితిమనియు చెప్పును. బాటలు వేయుట నిజము. 2006లో లాసాకు రైలుమార్గమును వచ్చెను. పూర్వపు టిబెట్టులో పేదలకు కష్టములుండెననుటయు నిజమే. సంస్కరణము లవసరమని దలైలామా వారే యంగీకరించిరి. అయినను, పొరుగింటివాడు తన సంసారమును చక్కగా నడుపుకొనలేదని వాని యింటి తాళపుచెవిని మనము మొలలో దోపుకొనుట న్యాయమగునా?

ఈ సందర్భమున బౌద్ధులలో గొందఱు రెండు మాటలు చెప్పుదురు. మొదటిది: ఎవని కర్మము వానిది, టిబెట్టువారు పూర్వకర్మము ననుభవించుచున్నారు. రెండవది: వైరాగ్యము బోధించు ధర్మమునకు రాజ్యవ్యవహారములతో బనిలేదు.

మొదటిదానికి సమాధానము సులభము. బావిలో బడినవాడు తన కర్మముచేత బడియుండవచ్చును. ఒడ్డున త్రాడు చేతబట్టుకొని నిలిచి చూచువాని కర్మము మాత్రమాక్షణముననే ప్రారంభమగుచున్నది. కర్మసిద్ధాంతము మన నడవడిని మనము దిద్దుకొనుటకు చెప్పబడినదే గాని, పరుల దుఃఖమును చూచి ముఖము త్రిప్పుకొనుటకు చెప్పబడినది గాదు.

రెండవదానికి బుద్ధభగవానుని చరిత్రమే సమాధానము. రోహిణీనది నీటికై శాక్యులును కోలియులును ఆయుధములు పట్టినప్పుడు ఆయన విహారమున ధ్యానము చేయుచు గూర్చుండలేదు. రెండు సేనల నడుమకు వచ్చి, నీటి విలువ యెంత, మనుష్యుల నెత్తుటి విలువ యెంత యని యడిగి, పోరు మాన్పెను. కోసలరాజగు విడూడభుడు శాక్యులను నిర్మూలింప దండెత్తి వచ్చునప్పుడు, భగవానుడు శాక్యుల యెల్లలో ఆకులు పలుచనైన యొక చెట్టుక్రింద నెండలో గూర్చుండెను. దట్టమైన మఱ్ఱినీడ దగ్గఱనే యుండగా నిచ్చట నేల కూర్చుంటిరని రాజడిగినప్పుడు, బంధువుల నీడ తనకు చల్లగా నున్నదని బదులు చెప్పెను. రాజు సిగ్గుపడి మరలిపోయెను. ఇట్లు మూడుమారులు జరిగెను. నాలుగవమారు శాక్యుల నాశము తప్పలేదు. తప్పదని తెలిసియు భగవానుడు మూడుమారులు ఆ యెండలో గూర్చుండుట మఱవరానిది. ఫలము మన చేతిలో లేకపోయినను, నిలువవలసినచోట నిలుచుట మన వంతు.

మఱియొక వృత్తాంతము. మగధరాజగు అజాతశత్రువు వజ్జిగణమును జయింపగోరి తన మంత్రి వర్షకారుని భగవానునికడకు బంపెను. భగవానుడు ప్రక్కనున్న ఆనందుని బ్రశ్నించుచు, వజ్జులు తఱచుగా సభ చేరుచున్నంతకాలము, ఏకమై పనులు చేయుచున్నంతకాలము, పూర్వధర్మములను పాటించుచు, పెద్దలను గౌరవించుచు, స్త్రీలను బలాత్కరింపక, చైత్యములను పూజించుచు, అర్హతులను రక్షించుచున్నంతకాలము వారికి వృద్ధియే గాని హాని లేదని సెలవిచ్చెను. ఒక జాతి స్వేచ్ఛకు ఇవి యేడు స్తంభములన్నమాట.

ఇప్పుడు టిబెట్టువైపు చూడుడు. ఈ స్తంభములలో మూడింటిపై నచ్చట గొడ్డలివ్రేటు పడినది. చైత్యములు కూల్పబడెను. పెద్దలకు మర్యాద లేకపోయెను. 1995 మే నెలలో దలైలామా వారు 11వ పంచెన్‌లామాగా గుర్తించిన ఆఱేండ్ల బాలుని ప్రభుత్వము కొద్దిదినములలోనే తీసికొనిపోయెను. నాటినుండి ఆయనను లోకమునెదుట చూపలేదు. లామాల పునర్జన్మమునకు ప్రభుత్వపు అనుమతి కావలెనని 2007లో చీనా శాసనము చేసెను. దేవుని గాని పునర్జన్మమును గాని నమ్మని ప్రభుత్వము, ఎవడు మరల పుట్టవలెనో నిర్ణయింప బూనుట వింత గాదా? టిబెట్టు బాలబాలికలు సుమారు పదిలక్షలమంది ప్రభుత్వపు వసతిపాఠశాలలలో మాతృభాషకును, తలిదండ్రులకును దూరముగా పెరుగుచున్నారని 2023 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి నిపుణులు ఆందోళన తెలిపిరి. బడిపంతులనగు నాకు అన్నిటికంటె నీ వార్తయే యెక్కువ బాధ కలిగించినది. మఠము కూలిన మరల కట్టవచ్చును. తాతమాట మనుమనికి తెలియకున్న ఆ మూడువందల సంపుటములను చదువువారెవరు?

ఈ విషయమున బౌద్ధలోకము చేసినదేమి? 1959లో ఐక్యరాజ్యసమితి సభలో టిబెట్టు తరపున తీర్మానమును దెచ్చిన దేశములు ఐర్లండు, మలయా. అందొకటి క్రైస్తవదేశము, రెండవది ముసల్మానుల దేశము. బౌద్ధులు నిండిన బర్మా, సింహళదేశములు ఆనాడు ఏ ప్రక్కకును చేయెత్తలేదు. మన భారతదేశమును తటస్థముగా నుండెను. 1961లో బౌద్ధదేశమగు సయాము ముందుకు వచ్చెను. 1965లో మన దేశమును టిబెట్టు పక్షమున నిలిచెను. ఆలస్యమైనను ఆ పని జరిగినందుకు సంతోషింపవలెను. మనదేశము వారికి ధర్మశాలలో నివాసమును, మైసూరురాజ్యమున బైలకుప్పె, ముండగోడు మొదలగుచోట్ల భూమిని నిచ్చినది. ముండగోడున ద్రేపుంగ్ విహారము మరల వెలసినది.

సహాయమనగా కత్తి పట్టుట గాదు. దలైలామా వారు 1988లో స్ట్రాస్‌బర్గు నగరమున ప్రత్యేకరాజ్యమును కోరక, చీనాతో గలిసియుండియే తమ భాషను, మతమును, ఆచారమును తామే కాపాడుకొను స్వయంపాలనను కోరిరి. 1989లో వారికి నోబెలు శాంతిబహుమానము లభించెను. సంపూర్ణస్వాతంత్ర్యమే కావలెనను టిబెట్టువారును గలరు. ఏది మేలో వారే నిర్ణయించుకొనవలెను. 2009 మొదలు నూటయేబదిమందికి పైగా టిబెట్టువారు తమ దేహములకు తామే నిప్పంటించుకొనిరి. అది పొగడదగినది గాదు, మఱవదగినదియు గాదు. నోరు నొక్కబడినవారి కేకగా దానిని వినవలెను.

చీనాప్రజలపై ద్వేషము పెంచుకొనుట బౌద్ధుడు చేయదగిన పని గాదు. చీనాయాత్రికుడగు హ్యుయాన్‌త్సాంగు 7వ శతాబ్దిలో ధాన్యకటకమునకు వచ్చి, కొన్ని మాసములు నిలిచి శాస్త్రము చదివెను. ఆ జాతియు మన ధర్మబంధువే. బంధువు తప్పు చేసినప్పుడు తప్పని చెప్పుటయే బంధుత్వము.

కావున బౌద్ధుని విధి నాలుగు తెఱగులు. జరిగినదానిని దాచక చెప్పుట. శరణార్థులకు నీడనిచ్చుట. టిబెట్టుభాషను, అందలి గ్రంథములను చదివించుట. దలైలామా పరంపర యేనాటికైనను ఏ ప్రభుత్వపు చేతిబొమ్మయు గాకుండ తమతమ ప్రభుత్వములను నిర్భయముగా నడుగుట. తమ పరంపర కొనసాగుననియు, తదుపరి దలైలామాను గుర్తించు నధికారము తమ ధర్మసంస్థదేయనియు వారు 2025 జులైలో, తొంబదియవ యేట ప్రకటించిరి. ఆ మాటను నిలువబెట్టుట బౌద్ధలోకపు బాధ్యత.

మనము బౌద్ధులము గాకపోవచ్చును. ఋణస్థులము మాత్రము అగుదుము. వచ్చు చలికాలమున ఉన్నిదుస్తులమ్ము ముదుసలి మీ కెదురైనచో, బేరమాడుడు, తప్పులేదు. తరువాత ఆమె యూరేదని యడుగుడు. ఆమె చెప్పునది ఓపికతో వినుడు. ఆమె మన వడ్లకుప్పను మఱవలేదు. మనమామెను మఱవకుందుము గాక.